వత్తులు మింగిన అద్దం

ఫిబ్రవరి 24, సోమవారం

ఇక మీదట అన్నం తినేటప్పుడు కంప్యూటర్ ప్యాకేజీల మాటెత్తితే కంచం తీసేస్తానని మా ఆవిడ తేల్చి చెప్పింది. కావాలంటే రాసుకోమని ఈ డైరీ తెచ్చిచ్చింది. స్కూల్లో టీచరు కదా, వాగే పిల్లాడి చేతిలో పుస్తకం పెట్టి కూర్చోబెట్టడం ఆమెకు అలవాటు. సరే, రాస్తాను. నాకూ అడ్డు తగలకుండా వినేవాళ్ళు దొరికినట్టే.

ఈరోజు మా ప్రశ్నపత్రాల ప్రెస్సులో బ్రెయిలీ గది తెరిచారు. చూపులేని పిల్లలకు ఈ ఏడాది పబ్లిక్ పరీక్షలో లెక్కల పేపరు బ్రెయిలీలో ఇస్తారు. ఇన్నాళ్ళూ పక్కన సహాయకుడు కూర్చుని ప్రశ్నలు చదివి వినిపించేవాడు. ఆ పద్ధతి మార్పించడానికి మా అక్క బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసింది. చివరికి వాళ్ళు విసిగిపోయి, "ఈ ఒక్కసారి చూద్దాం, కుదరకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకండి" అన్నారు. ప్రూఫ్ చూడటానికి ఆమెనే కాంట్రాక్టు మీద తీసుకున్నారు.

అక్కకు పుట్టుకతోనే చూపు లేదు. వేళ్ళతో చదువుతుంది. మా ఇంటి పై వాటాలో ఉంటుంది, కింది వాటాలో జరిగేదంతా మాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

ప్రెస్సులో కంప్యూటర్లు చూసుకునేది నేనే. ఇందులో నా పని చిన్నది. అచ్చు అక్షరాలను బ్రెయిలీ చుక్కలుగా మార్చే ప్రోగ్రామ్ ఒకటుంది, దాని పేరు చుక్క. దాన్ని కొత్త మెషిన్లో ఎక్కించాలి. గంట పని అని సూపరింటెండెంట్‌కు చెప్పాను. "ఫర్వాలేదు, అరపూట తీసుకోండి" అన్నారు. ఆయనకు ఫర్వాలేనిది అంటూ ఈ లోకంలో ఏదీ లేదు. అందుకని ఇందులో ఆయన పేరు ఫర్వాలేదు గారు.

ఫిబ్రవరి 25

ఎక్కలేదు.

ఫిబ్రవరి 26

మళ్ళీ అదే మాట. "చుక్కకు కీమ్యాప్ రెండో వెర్షన్ కావాలి, కానీ అది ఇన్‌స్టాల్ కాబోవడం లేదు." కీమ్యాప్ అంటే ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే ఇంకో ప్యాకేజీ. ఎందుకు కాబోవడం లేదో చెప్పదు. అలిగిన కొత్తల్లుడైనా కారణం చెబుతాడు. కింద ఇంకో వాక్యం: "మీరు విరిగిపోయిన ప్యాకేజీలను పట్టుకుని ఉన్నారు." నేనేమీ పట్టుకోలేదు. రెండు చేతులూ నెత్తి మీదే ఉన్నాయి.

మా ప్రెస్సులోకి ఇంటర్నెట్ రాకూడదు. ప్రశ్నపత్రాలు అచ్చయ్యే చోటు మరి. అందుకని బయటి గదిలో ఒక మెషిన్ లైనక్స్ ప్యాకేజీలన్నీ, అంటే మా మెషిన్లకు కావాల్సిన ప్రోగ్రాముల మూటలన్నీ, దింపుకుంటుంది. వాటిని డిస్కులో వేసుకుని గేటు దగ్గర తనిఖీ చేయించుకుని, లోపలున్న నా సర్వర్లో పోస్తాను. వచ్చినవాటన్నిటికీ నా సర్వర్ ఒక లిస్టు తయారుచేస్తుంది. లోపలి మెషిన్లన్నీ ఆ లిస్టు చూసి కావాల్సినవి తీసుకుంటాయి. బయట ఉన్నది ఉన్నట్టు లోపల కనిపించాలి కాబట్టి దాన్ని మిర్రర్ అంటారు. ఫర్వాలేదు గారు ఫైళ్ళలో దాన్ని "అద్దము" అని రాయించారు. అప్పట్నుంచి స్టోర్స్ వాళ్ళు "అద్దము నిర్వహణ" కింద ఏటా మెత్తని గుడ్డలు, తుడిచే మందు సీసా పంపుతున్నారు. వద్దని రాస్తే, తిప్పి పంపడానికి ఫారం లేదన్నారు.

ఈ గోలలో తప్పు ఎవరిదైనా కావచ్చు. కొత్త మెషిన్ అమ్మినవాడిది, చుక్కను రాసినవాడిది, కీమ్యాప్‌ను రాసినవాడిది. అద్దం తప్పు మాత్రం కాదు. అద్దాన్ని నేను చూసుకుంటున్నాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

బస్సులో అక్క అడిగింది, ఇంకా ఎందుకు కాలేదని. ఒక ప్యాకేజీ రావాలంటే ముందు ఇంకోటి రావాలని, దానికి ఇంకోటి ముందుండాలని చెప్పాను.

"మన వాళ్ళని పెళ్ళికి పిలవడంలాగన్నమాట. బాబాయి కదిల్తే గాని పిన్ని కదలదు, పిన్ని రాకపోతే అత్తయ్య రాదు."

"దాదాపు."

"మరి ఇప్పుడు రానిదెవరు?"

"కీమ్యాప్."

"పాపం దాని కబురేంటో కనుక్కున్నావా, ఊరికే వచ్చినవాళ్ళ మీద అరుస్తున్నావా?"

ఇవి ఆమెకు అర్థమయ్యే విషయాలు కావు. నవ్వి ఊరుకున్నాను.

మార్చి 1

కొత్త మెషిన్‌ను మొత్తం చెరిపేసి మొదట్నుంచీ ఎక్కించాను. అదే మాట. ఆడిన మాట తప్పడం దానికి తెలియదు.

మార్చి 3, సోమవారం

అద్దంలో ఉన్న లిస్టును మళ్ళీ తయారుచేయించాను. పాత వెర్షన్ చుక్కను పెట్టి చూశాను. బయటి గది మెషిన్ సరిగ్గా దింపుతోందో లేదోనని వెళ్ళి చూశాను, దింపుతోంది. గేటు దగ్గర తనిఖీ మెషిన్ "అన్నీ శుభ్రం" అని చీటీ ఇస్తోంది. ఆ మెషిన్‌ను అందరూ జల్లెడ అంటారు. దాని దగ్గర కూర్చునే గేటు సార్, ఆ చీటీ మీద ముద్ర వేసి, దండం పెట్టించుకున్నంత గంభీరంగా నా చేతికిస్తారు.

ఫర్వాలేదు గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. వెనక మనిషి నిలబడితే ఏ ఎర్రర్ కూడా పోదని ఆయనకెవరు చెప్పాలి. వచ్చే సోమవారం ప్రూఫ్ మీద సంతకం పడాలన్నారు. లేకపోతే బోర్డు వాళ్ళు మళ్ళీ సహాయకులనే పంపుతారట.

"పడుతుంది సార్."

"పడకపోయినా ఫర్వాలేదులెండి. సహాయకులు అలవాటైనవాళ్ళే కదా."

ఈ మాట అక్కకు చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసే ఉంటుంది.

మార్చి 4

అయిపోయింది. ఎక్కింది. ఒక్క ఎర్రర్ లేదు.

అవసరమైనవి ఉన్నాయా లేదా అని చూడకుండా బలవంతంగా ఎక్కించే పద్ధతి ఒకటుంది. దాన్ని ఎవరూ వాడకూడదని నేనే గోడ మీద కాగితం అంటించాను. ఆ కాగితం మిగతావాళ్ళ కోసం. ఏం చేస్తున్నామో తెలిసినవాళ్ళు వాడొచ్చు. కీమ్యాప్ కొత్తది లేకపోతే ఏమవుతుంది, మహా అయితే కీబోర్డు మీద ఒకటి రెండు మీటలు పనిచేయవు. మేమేమీ బ్రెయిలీలో టైపు చేయడం లేదు, అచ్చు వేస్తున్నాం.

స్క్రీన్ మీద ఎర్ర అక్షరం లేకుండా చూసి ఎన్నాళ్ళైందో. ఇంటికెళ్తూ పళ్ళు కొన్నాను. మా ఆవిడ ఏంటి విశేషం అంది. ప్యాకేజీల సంగతి కాబట్టి చెప్పడానికి లేదన్నాను.

మార్చి 5, బుధవారం

మొదటి ప్రూఫ్ తీసి అక్క ముందు పెట్టాను. వేళ్ళు ఆనించి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"పరశన పతరం."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అనని పరశనలకు సమాధానములు వరాయుము." ఆగింది. "ఎవరూ అనని ప్రశ్నలకి పిల్లలు సమాధానాలెలా రాస్తార్రా?"

అన్ని ప్రశ్నలకు అని ఉండాలి. ఏసీకి వేళ్ళు మొద్దుబారాయేమోనన్నాను.

"నా వేళ్ళకేం కాలేదు. నీ వత్తులకే అయింది. పేజీలో ఒక్క వత్తూ లేదు. బ్రెయిలీలో వత్తు రావాలంటే ముందు ఒక చుక్క పడాలి. ఆ చుక్క పడట్లేదు." ఇంకో కాగితం కావాలంది. అందులో ఆమే చెప్పి నాతో కొట్టించిన మాట 'అక్క'. వేలు పెట్టి చూసి, "నన్ను కూడా అకకని చేశావు" అంది.

ప్రింటర్లో ఆ చుక్క వేసే సూది అరిగి ఉంటుంది. అద్దం నిర్వహణ గుడ్డతో శుభ్రంగా తుడిచాను. ఎన్నేళ్ళకు ఆ గుడ్డకో పని దొరికింది.

మార్చి 6

సూది బాగానే ఉంది.

చుక్క తన వత్తుల పట్టికను కీమ్యాప్ కొత్త వెర్షన్లోంచి తీసుకుంటుందట. అది లేకపోతే తన దగ్గరున్న మామూలు పట్టికతో సర్దుకుంటుంది. ఆ పట్టికలో వత్తుల ఊసే లేదు. సర్దుకున్నట్టు మనకు చెప్పదు. బలవంతంగా ఎక్కించినప్పుడు నేను అడగొద్దన్నాను కదా, అడగలేదు. చెప్పలేదు.

అయినా అద్దం తప్పు కాదు.

మార్చి 7, శుక్రవారం

ఫర్వాలేదు గారి గదిలో కూర్చున్నాం, అక్క, నేను.

"చూడమ్మా, వత్తులదేముంది. పిల్లలు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. మీరు సంతకం పెట్టేయండి, ఫర్వాలేదు."

"అయితే మిగతా పిల్లలకి కూడా వత్తులు తీసేసి ఇవ్వండి సార్. వాళ్ళూ అర్థం చేసుకుంటారు."

"అది వేరమ్మా."

"ఎలా వేరు సార్?"

ఆయన సొరుగు లాగి రూలు పుస్తకం వెతకడం మొదలుపెట్టారు. అక్క లేచి, కుర్చీని బల్ల కిందికి నెట్టి, నా భుజం కోసం చెయ్యి చాచింది. నేను లేచేసరికి ఒక్క నిమిషం ఆలస్యమైంది. ఫర్వాలేదు గారు కళ్ళతో నన్ను ఆగమంటున్నారు మరి.

అక్కను గదిలో దిగబెట్టి తిరిగొచ్చాను. రూలు పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. ప్రూఫ్ మీద "ప్రూఫ్ చూసేవారు లేదా సాంకేతిక అధికారి" సంతకం పెట్టాలని ఉంది. సాంకేతిక అధికారిని నేనే. నేను ఒక్క చుక్క చదవలేనని చెప్పాను. "చదవాలని రూల్లో ఎక్కడా లేదు" అన్నారు.

ఆలోచిస్తానన్నాను. ఒప్పుకోలేదు. ఆలోచించడం వేరు, ఒప్పుకోవడం వేరు.

మార్చి 9, ఆదివారం

ప్రశాంతంగా ఆలోచించాను. సంతకం పడకపోతే అసలు బ్రెయిలీయే ఉండదు. అక్క ఇన్నేళ్ళ శ్రమ బూడిదలో పోసినట్టే. వత్తుల్లేని బ్రెయిలీ అయినా బ్రెయిలీయే. ముందు తలుపు తెరుచుకోవాలి, వచ్చే ఏడాది వత్తులు తెచ్చుకోవచ్చు. అంటే సంతకం పెట్టడం అక్క కోసమే. ఈ సంగతి అక్కకు చెప్పి చూద్దామనుకున్నాను. మెట్ల దాకా వెళ్ళి వచ్చేశాను.

మార్చి 10

సంతకం పెట్టలేదు. పొట్టి సంతకం పెట్టాను. రెండూ ఒకటి కాదు.

మార్చి 11, మంగళవారం

ఒకటేనట.

ఫర్వాలేదు గారు పొద్దున్నే వెళ్ళి అక్కకు శుభవార్త చెప్పారు. బ్రెయిలీ గది దగ్గరికి నేను వెళ్ళేసరికి లోపల ప్రింటర్ చప్పుడవుతోంది, కట్టలు తయారవుతున్నాయి. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. నా అడుగులు విని అడిగింది.

"నువ్వు చదివావా?"

నేను కట్టల వైపు చూశాను.

"ఏ వేలితో చదివావు?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులు రాసి పెట్టుకున్నాను, మొన్నటి పేజీలో ఉన్నాయి.

తనే మళ్ళీ మాట్లాడింది. గొంతు పెంచలేదు. "నా పరీక్షలో పక్కన కూర్చున్నాయన రెండు ప్రశ్నలు వదిలేశాడు. టైం లేదులే అమ్మా అన్నాడు. తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. అవి నాకు వచ్చో రావో తెలీదు. రాకపోతే బాధ లేదురా. వచ్చేవో లేదో ఇప్పటికీ తెలీదు, అదీ నాకు."

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకీ సంగతి తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇది రాస్తుంటే కూడా ముఖం వేడెక్కుతోంది.

సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో ఎవరినో అడిగి కూర్చుంది.

మార్చి 12

అక్క మా ఆవిడతో మాట్లాడుతోంది. "వాడికి చెప్పమ్మా, పైన కుళాయి కారుతోందని." నేను అక్కడే ఉన్నాను.

కంచం ముందు కూర్చుంటే మా ఆవిడ, "ఇవాళ మీ ప్యాకేజీల గురించి చెప్పండి, వింటాను" అంది. నాకు చెప్పడానికి ఏమీ లేదు.

మార్చి 13, గురువారం

పొద్దున అద్దం ముందు కూర్చున్నాను. ఈ రోజుల్లో నేను ఎన్నిటినో తిట్టాను గాని ఒక్క పని చేయలేదు. బయటి గదిలో ఉన్న ఫైళ్ళ పేర్లు, లోపల నా దగ్గరున్న ఫైళ్ళ పేర్లు పక్కపక్కన పెట్టి చూడలేదు. రెండూ ఒకటేనని నాకు తెలుసు కాబట్టి చూడలేదు. ఈరోజు చూశాను. ఒకటి కావు.

బయట ఉండి లోపల లేనివి: కీమ్యాప్. కీబోర్డ్. కీరింగ్. హాట్‌కీ. ఇంకా అలాంటివే కొన్ని. చివర్లో మంకీ.

ఆ చివరిది ఏదో పిల్లల ఆట. దాన్నెవరూ లోపల ఆడరు. కానీ అక్కడే నా కళ్ళు ఆగిపోయాయి. కోతిని ఎవరు పట్టుకున్నారు?

పేర్లన్నీ పైకి చదివాను. కీ, కీ, కీ, కీ. నోరు తిరిగేసరికి బుర్ర కూడా తిరిగింది. గేటు దగ్గరికి పరిగెత్తాను.

గేటు సార్ అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, రహస్యం చెప్పారు. నిరుడు పేపరు లీకైందని పుకారు పుట్టాక జల్లెడలో కొన్ని మాటలు పెట్టారట. ఆ మాట పేరులో ఉన్న ఏ ఫైలూ గేటు దాటదు, ఇటు గాని అటు గాని. అందులో మొదటి మాట కీ.

"కీ అంటే జవాబుల కీ కదండీ. పరీక్షకి ముందు అంతకన్నా ప్రమాదమైంది ఇంకేముంటుంది?"

"మరి ఆపినట్టు చీటీలో రాయొద్దా? అన్నీ శుభ్రం అని ఇస్తున్నారు."

"రాస్తే దొంగ జాగ్రత్తపడతాడు కదా."

ఆయన మాటలో లోపం వెతికాను. దొరకలేదు. జల్లెడ ఆపిన కీమ్యాప్ నా అద్దం లిస్టులోకి రానే లేదు, లేనిదాన్ని లేదని మెషిన్ నాకు ఇన్నిసార్లు మర్యాదగా చెప్పింది. నేను దాన్ని చెరిపేసి మరీ మళ్ళీ అడిగాను.

అద్దం తప్పు కాదు. అద్దంలో ఏం లేదో చూడనివాడిది.

మార్చి 14

పద్ధతి ప్రకారం వెళ్దామని అర్జీ రాశాను. విషయం: కీమ్యాప్ అను ఫైలును లోపలికి అనుమతించుట గురించి. టైపు చేసినమ్మాయి జాగా చాలక "విషయం: కీ గురించి" అని కుదించింది.

ఫర్వాలేదు గారు అది చదివి లేచి తలుపు గడియ పెట్టారు.

"పరీక్షకి ముందే కీ కావాలని రాసిచ్చిన మనిషిని నా సర్వీసులో చూళ్ళేదండీ."

ఇది ఆ కీ కాదని చెప్పాను. కీబోర్డుకు సంబంధించిందని చెప్పాను. మీ బల్ల మీద ఒక కీబోర్డు ఉంది కదా, ఇంకోటెందుకన్నారు. వత్తుల గురించి చెప్పాను. కోతి గురించి కూడా చెప్పాను, అది చెప్పకుండా ఉండాల్సింది. చివరికి కాగితం రహస్య కమిటీకి పంపుతామన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందని అడిగాను. పరీక్షలయ్యాక.

ఆయన నోట ఫర్వాలేదు అనే మాట రాని రోజును మొదటిసారి చూశాను.

మార్చి 15, శనివారం

అద్దం లిస్టు తయారుచేసేటప్పుడు ఫైలు పేరు చూడదు. ప్యాకేజీ లోపల దాని పేరు, వెర్షన్ రాసి ఉంటాయి, వాటినే చూస్తుంది. పైన ఏ పేరున్నా దానికి పట్టింపు లేదు.

ఈ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. ఈరోజు పళ్ళు తోముకుంటుంటే పనికొచ్చింది.

బయటి గదిలో ఆ ఫైలుకు పేరు మార్చాను. కీ తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లోనే "తాళంచెవి" అని పెట్టాను. డిస్కు తీసుకెళ్ళి జల్లెడలో పెట్టాను. గేటు సార్ స్క్రీన్ వంక, నా వంక మార్చి మార్చి చూశారు. నా గుండె చప్పుడు ఆయనకు వినిపిస్తుందేమోనని దగ్గాను. అన్నీ శుభ్రం. ముద్ర పడింది.

తెలుగు ప్రశ్నపత్రాలను కాపాడే జల్లెడకు తెలుగు రాదు.

చుక్క మామూలుగా, ఏ బలవంతమూ లేకుండా ఎక్కింది. కావాల్సినవన్నీ ఉన్నాయి, ఎక్కించమంటారా అని అడిగింది. అవునని కొట్టాను. దానికి ఇన్నాళ్ళు కావాల్సింది అంతే.

తర్వాత ఫర్వాలేదు గారి గదికి వెళ్ళి నా పొట్టి సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. అలా తీసుకోవడం కుదరదు, కొట్టేయాలి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాలి అన్నారు. పెట్టాను. ఈసారి ఎందుకు పెడుతున్నానో తెలిసి పెట్టాను. అచ్చయిన కట్టలన్నీ చింపించారు. ఫైలు పేరు మార్చి తెచ్చానని కూడా నేనే చెప్పాను. ఆయన చెవులు మూసుకుని, "నేను వినలేదు. సోమవారం వింటాను" అన్నారు.

మార్చి 17, సోమవారం

కొత్త ప్రూఫ్ అక్క బల్ల మీద పెట్టి గోడ దగ్గర నిలబడ్డాను. కూర్చోమనలేదు.

"ప్రశ్నపత్రం," అంది. ఆగింది. మళ్ళీ మొదటికొచ్చి, "ప్రశ్న" దగ్గర వేలు రుద్దింది. "అన్ని ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము." తర్వాత పైకి చదవలేదు, పెదవులు మాత్రం కదిలాయి. ప్రతి పేజీలో ప్రతి వరుసా, ప్రతి వత్తూ చూసింది. మధ్యాహ్నం భోజనం చేయలేదు. నేనూ చేయలేదు. ఇదేమీ గొప్ప కాదు, ఆమె లేవకుండా నేనొక్కణ్ణే వెళ్ళి తినడానికి భయమేసింది.

సంతకం పెట్టి కాగితం నా వైపు తోసింది.

"కుళాయి ఇంకా కారుతోంది," అంది. మా ఆవిడకు కాదు, నాకు. దారిలో కుళాయి వాషరు కొనుక్కుని వెళ్ళాను.

మార్చి 20

మెమో వచ్చింది. "పరీక్షలకు ముందు కీని మారుపేరుతో ప్రెస్సులోకి ప్రవేశపెట్టినందుకు" నన్ను స్టోర్స్‌కు మార్చారు. వాక్యంలో ఒక్క అబద్ధం లేదు. అద్దాన్ని ఎవరు చూసుకుంటారని అడిగాను. గుడ్డలు ఉన్నాయి కదా అన్నారు.

మా ఆవిడకు మెమో చూపించాను. వదినకి చెప్పారా అంది. మెట్లెక్కి వెళ్ళి చదివి వినిపించి, కోతితో సహా జరిగిందంతా చెప్పాను. అక్క, "కోతి కూడా లోపలికొచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను. "ఎందుకు రాలేదు, నువ్వెళ్ళావుగా" అంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఈరోజు లెక్కల పరీక్ష. స్టోర్స్‌లో జిగురు సీసాలు లెక్కపెట్టాను. ఒకసారికీ ఇంకోసారికీ పొంతన లేదు.

ఏప్రిల్ 7, సోమవారం

ఫర్వాలేదు గారు స్టోర్స్‌కే వచ్చారు, చేతిలో దళసరి కాగితంతో. చుక్కల కాగితం. ఒక పరీక్షా కేంద్రం నుంచి వచ్చిందట, చూపులేని విద్యార్థిని ఎవరో జవాబుపత్రంతో పాటు ఇచ్చింది. ఫిర్యాదేమోనని ఆయన భయం. చదవడానికి అక్క తప్ప ఎవరూ లేరు. అక్క చదువుతాననే అంది గాని, రాసుకోవడానికి తమ్ముడే కావాలందట.

బ్రెయిలీ గదిలో అక్క వేళ్ళు కాగితం మీద నడుస్తుంటే ఫర్వాలేదు గారు ఊపిరి బిగబట్టారు. ఆమె చివరి దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ మొదట్నుంచి వచ్చింది. ముఖం ఎలాగో అయిపోయింది.

"ఏం రాసిందమ్మా?"

"రాసుకోరా," అని నాకు చెప్పింది. "పదకొండో ప్రశ్నలో తప్పుంది. త్రిభుజంలో రెండు కోణాలిచ్చి నాలుగో కోణం కనుక్కోమన్నారు. త్రిభుజానికి నాలుగో కోణం ఉండదు. నేను మూడోది కనుక్కున్నాను. ఇక ముందు చూసుకోండి."

అచ్చు పేపరు తెప్పించి చూశాం. అందులోనూ నాలుగో కోణమనే ఉంది. చూపున్న పిల్లలందరూ ఆ పేపరే రాశారు. పేపరు తయారుచేసినవాళ్ళు, అచ్చువేసినవాళ్ళు, పంచినవాళ్ళు, ఒక్కరూ కిక్కురుమనలేదు.

"అందుకే అన్నాను," అన్నారు ఫర్వాలేదు గారు. "సహాయకులైతే ఈ గొడవే ఉండేది కాదు."

"ఉండేది కాదు సార్. వాళ్ళు మూడో అనే చదివేవాళ్ళు," అంది అక్క.

ఆయన వెళ్ళాక అక్క ఆ కాగితాన్ని వదల్లేదు.

"నేనూ చూసుకోలేదురా. నా వేళ్ళన్నీ వత్తుల మీదే ఉన్నాయి. నాలుగో అని తగిలితే మూడో అనుకుని వెళ్ళిపోయాను. ఆ పిల్ల పట్టుకుంది." నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ తుడుచుకోవడం లేదు. "ఇన్నాళ్ళూ మా దాకా ప్రశ్న వచ్చేసరికి ఎవరో ఒకరు సర్దేసేవాళ్ళు. ఇప్పుడు తప్పు కూడా ఉన్నదున్నట్టు వచ్చింది."

అక్కను ఇంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 23

బోర్డు నుంచి ఒకే కవర్లో రెండు కాగితాలొచ్చాయి. బ్రెయిలీ గది వచ్చే ఏడాది కూడా ఉంటుందనీ, ఈసారి అన్ని పేపర్లూ అందులోనే వేయాలనీ మొదటిది. ప్రూఫ్ చూసినవారికి మెమో రెండోది.

అక్క చదవమంది. "పదకొండవ ప్రశ్నలోని దోషము మీ దృష్టికి ఎందుకు రాలేదో మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలసినది."

"ఇంకోసారి చదువు."

చదివాను.

"మీ దృష్టికి, అని ఉందా? నిజంగా?"

ఉందన్నాను. మా ఆవిడ వంటగదిలోంచి వచ్చేదాకా నవ్వింది. తర్వాత కూర్చుని, గొంతు సవరించుకుని, నన్ను కాగితం తీసుకోమంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్క వత్తు కూడా తగ్గించలేదు:

"అయ్యా, సదరు దోషము నా దృష్టికి రాలేదన్న మాట వాస్తవమే. దృష్టి ఉన్నవారెవరి దృష్టికీ కూడా రాలేదని తెలిసినది. దానిని కనిపెట్టిన విద్యార్థినికి ఆ ప్రశ్నకు ఒక మార్కు ఎక్కువ వేయవలసినదిగా మనవి."